గేరుబాక్సు అరిగితే బండి చచ్చినట్టేనా?

ఒక వర్ణం చెడితే పదాన్నే పారవేయమని ఏ వ్యాకర్తా చెప్పలేదు. ద్రుతం మీద పరుషం నిలవలేకపోతే దాని స్థానంలో సరళం వస్తుంది. పదం పదంగానే ఉంటుంది. దీనినే ఆదేశం అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా పాకాల చుట్టుపక్కల బడులలో పిల్లలకు సంధులు చెప్పి ఇంటిపట్టున కూర్చున్న నాకు ఈ మధ్య నలుగురు విద్యావంతులు కలిసి ఒక హితబోధ చేశారు: "గేరుబాక్సు పోయిందంటే కారు పోయినట్టే మాస్టారూ. తూకానికి వేసి చేతులు దులుపుకోండి."

వారి హితబుద్ధిని నేను శంకించను. వారి తర్కాన్ని మాత్రం అంగీకరించను. ఆ తర్కం నా ఒక్క బండితో ఆగేది కాదు గనుక, శాస్త్రచర్చలో చేసినట్టే వారి ఆక్షేపణలను ఒక్కొక్కటిగా ముందుంచి సమాధానం చెబుతాను. మిత్రులు ఓపికతో చదవగలరు.

ముందు బండి సంగతి. అది 1999 నాటి మారుతి 800. నాలుగు గేర్లది. ఈ జాతి బండి మొదటిసారి 1983 డిసెంబరు 14న కొన్నవారి చేతికి వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ నడుమ మన దేశంలోనే ఇరవైఅయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. కనుక నేను మాట్లాడుతున్నది ఏ జమీందారు కొట్టంలోనో దాచిన అపురూప వస్తువును గురించి కాదు. మన వీధులలో నిన్నమొన్నటి దాకా ప్రతి మలుపులోనూ కనిపించిన మధ్యతరగతి బండిని గురించి.

తిరుమల కొండకు రెండు కనుమదారులున్నవి. 1944లో తెరిచిన మొదటిదానిలో ఇప్పుడు దిగుతారు. 1974లో తెరిచిన రెండవదానిలో ఎక్కుతారు. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, ఇంజను పట్టు మీద బండిని నిదానంగా వదలాలి. బ్రేకునే నమ్ముకొని దిగితే అది కాగి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. నిరుడు అలా దిగుతుండగా ఒక మలుపులో రెండో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. బండి ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. నా భార్య ముందు సీటులో ఉన్నది. మనుమరాలు వెనుక నిద్రపోతున్నది. బ్రేకు తొక్కి, మళ్లీ గేరు వేసి, చేత్తో కడ్డీని అదిమి పట్టుకొని అలిపిరి దాకా వచ్చాను. ఆ దారి పొడవునా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కిందికి వచ్చాక మాత్రం, "దీన్ని బాగుచేయిస్తారా, లేకుంటే నేను బస్సులో వచ్చేదా?" అన్నది. అరిగిన గేరుబాక్సుతో తిరగవచ్చునని నేను వాదిస్తున్నానని ఎవరైనా అనుకుంటే ఈ సంఘటన ఒక్కటే నా సమాధానం.

మరునాడే తిరుపతిలో ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అక్కడి యువకుడు బండిలో కూర్చోలేదు; నడిపి చూడలేదు; నూనె తీసి చూడలేదు. "సార్, మేము బాక్సు విప్పం. మార్చాలంటే అసెంబ్లీ మొత్తం మార్చాల. మీ మోడలుకు అది తెప్పించడం కష్టం. ఎక్స్‌చేంజిలో ఇచ్చేయండి, మంచి రేటు చూస్తాం" అన్నాడు. పది నిమిషాలలో తీర్పు, దాని వెంటే కొత్త కారు బొమ్మల పుస్తకం. రోగి నాడి పట్టకుండానే దహనసంస్కారాలకు ధర చెప్పే వైద్యుణ్ణి ఏమంటామో, మర్యాదకోసం ఇక్కడ రాయను.

మొదటి ఆక్షేపణ: గేరుబాక్సు అరిగిందంటే బండి ఆయుష్షు తీరినట్టే.

మొదట, అరిగిందని ఎవరు తేల్చారు? పాకాలలో ఒక మేస్త్రీ ఉన్నాడు. దామలచెరువు మామిడి మండీకి వచ్చిపోయే లారీల కింద పడుకొని పని నేర్చినవాడు. అతని మాట: "అయివోరా, బాక్సును తిట్టేదానికి ముందర నాలుగు చూడాల గదా." ఆ నాలుగు ఇవి. క్లచ్ కేబులు సాగితే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు గరగరమంటుంది, తప్పు మాత్రం గేరుబాక్సు మీద పడుతుంది. గేరు కడ్డీ కింద ఉండే బుష్షులు అరిగితే గేరు పూర్తిగా పడక జారుతుంది. నూనె సీలు కారి నూనె తగ్గితే బేరింగులు ఏడుస్తాయి. నాలుగవది, నూనె సరైనదే అయినా కాకపోయినా ఎవరూ అడగరు.

ఈ నాలుగవదానిని కొంచెం విప్పి చెప్పాలి. గేరు మారేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరిగే రెండు చక్రాలను ఒక వేగానికి తెచ్చేది సింక్రో రింగు అనే ఇత్తడి కంకణం. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో ఈ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ప్రతి డ్రైవరూ రెండుసార్లు క్లచ్ తొక్కి, చెవితో వేగం కొలిచి గేరు వేయవలసిందే. మన ఘాట్‌రోడ్ల పాత లారీ డ్రైవర్లకు ఈ విద్య బాగా తెలుసు. ఆ ఇత్తడి కంకణం రాపిడితోనే పని చేస్తుంది. జీఎల్-4 తరగతి నూనె పోయవలసిన చోట, "ఇది ఇంకా గొప్పది" అని జీఎల్-5 పోస్తారు. అది ప్రధానంగా వెనుక ఇరుసులోని గట్టి పళ్ల చక్రాలకోసం చేసినది. అందులోని గంధకపు మందులు కొన్ని రకాలలో ఇత్తడిని తింటాయి. జారుడు ఎక్కువై కంకణం పట్టు కూడా తప్పుతుంది. ఎక్కువ అంకె కనబడితే ఎక్కువ మంచిదనుకునే మన అలవాటుకు ఇన్ని ఇత్తడి కంకణాలు బలి.

నా బండిలో ఈ నాలుగూ చూశాము. బుష్షు మార్చగా గరగర తగ్గింది, జారడం తగ్గలేదు. నూనె ఒక తెల్లని పళ్లెంలోకి దించి ఎండలో చూస్తే బంగారు పొడిలాగా ఇత్తడి, దాని మధ్య ఉక్కు పెచ్చులు. అప్పుడు ఒప్పుకున్నాను, అరిగింది గేరుబాక్సే. అయితే అరిగింది గేరుబాక్సు మాత్రమే. ఇంజను కాదు, ఛాసిస్ కాదు, బాడీ కాదు. పాకాల జంక్షన్ నుండి ధర్మవరం దాకా ఉన్న మీటర్‌గేజి పట్టాలు పీకి 2010 నాటికి బ్రాడ్‌గేజి వేశారు. పట్టాలు పనికిరావన్నారు గాని, ఊరిని తూకానికి వేయమని ఎవరూ అనలేదు.

రెండవ ఆక్షేపణ: బండి వెల కంటే మరమ్మతు ఖర్చు ఎక్కువ.

వెల వేరు, విలువ వేరు. నా బండి వెల అంటే దానిని కొనదలచినవాడు ఇచ్చేది. నేను దానిని అమ్మదలచుకోలేదు గనుక ఆ అంకెతో నాకు పని లేదు. నేను లెక్క వేయవలసింది ఒక్కటే: ఈ బండి చేసే పనిని మరొక బండితో చేయించుకోవడానికి నాకు ఎంత ఖర్చవుతుంది? పింఛను మీద బతికేవాడు ఏడేళ్ల వాయిదాలకు తల ఒగ్గడం కంటే రెండు రోజులు నడుము వంచడం చవక.

పాకాలలో రైలెక్కి కాట్పాడి మీదుగా మద్రాసు చేరాను. అక్కడ ఎళుంబూరు పక్కనే పుదుప్పేట ఉన్నది. పాత బండ్ల విడిభాగాల అంగళ్లు వీధుల నిండా. ఒక అంగడిలో నా బండి రకానికే చెందిన గేరుబాక్సు దొరికింది. మేస్త్రీ చెప్పి పంపిన పరీక్షలన్నీ చేశాను: ముందు షాఫ్టును చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ, రివర్సూ వేసి చూడడం, షాఫ్టును అటూ ఇటూ ఊపి లూజు చూడడం, షాఫ్టు పళ్లు మొనదేలాయేమో, పెట్టె అంచులలో పగుళ్లు ఉన్నాయేమో చూడడం, లోపల మిగిలిన నూనెలో వేలు ముంచి పెచ్చుల కోసం తడమడం. అంగడివాడు అయిదు గేర్ల పెట్టెను చూపి ఆశపెట్టాడు. నేను లొంగలేదు. ఆదేశంగా వచ్చేది స్థాని ధర్మాలను పొందాలి. ఎవరి స్థానంలో వచ్చిందో వారి పని చేయాలి గాని సొంత కాపురం పెట్టకూడదు. మరొక మాట, రసీదు ఇవ్వనివాని దగ్గర పెట్టె ముట్టవద్దు. దొంగబండి నుండి ఊడదీసిన పెట్టెతో కొండకు వెళ్లడం ఎటువంటి పుణ్యమో మీరే ఆలోచించండి.

పెట్టె, కొత్త క్లచ్ సరంజామా, సీలులు, నూనె, రైలు ఖర్చు, మేస్త్రీ కూలి అంతా కలిపినా, సర్వీసు కేంద్రంవారు కొత్త బండికి ముందుగా కట్టమన్న మొత్తంలో నాలుగవ వంతు కాలేదు.

మూడవ ఆక్షేపణ: పాత బండిని నడపడం చట్టానికీ గాలికీ విరుద్ధం.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు. తరువాత తనిఖీలో నెగ్గితే అయిదేసి ఏళ్లకు పునరుద్ధరిస్తారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధించేది, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని. పత్రంలో ఇంజను సంఖ్య ఉంటుంది, ఛాసిస్ సంఖ్య ఉంటుంది. గేరుబాక్సు సంఖ్య ఉండదు. చెడిన పెట్టె స్థానంలో అదే రకం పెట్టె పెట్టడం మార్పు కాదు, మరమ్మతు. ఇక రుసుము మాటకు వస్తే, పదిహేనేళ్లు దాటిన కారుకు 600 రూపాయలున్నదానిని 2022 ఏప్రిల్ నుండి 5,000 చేశారు. 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పాత బండిని ఇంట పెట్టుకున్నవానికి ఇది జరిమానా వంటిదే. అయినా జరిమానా వేరు, నిషేధం వేరు.

గాలి సంగతిలో ఆక్షేపకుల మాటలో నిజం ఉన్నది; దాచను. 1999 బండి పొగ నేటి బండి పొగ కంటే చెడ్డది. ప్రమాదంలో ప్రాణం కాపాడే గాలిసంచులూ ఇందులో లేవు. రోజూ నగరంలో యాభై మైళ్లు తిరిగేవానికి ఇటువంటి బండిని ఉంచుకొమ్మని నేను చెప్పను. వారానికి రెండుసార్లు తిరుపతికి, ఎప్పుడైనా కాణిపాకానికి వెళ్లేవాడు నడుస్తున్న బండిని కరిగించి, మరొకదానికోసం ఇనుము, రబ్బరు, ప్లాస్టిక్ కొత్తగా పుట్టించడం కూడా పొగ లేని పని కాదు. పొగను పొగ పరీక్ష తేల్చాలి. గేరుబాక్సు ఎన్నడూ పొగ విడవదు.

నాలుగవ ఆక్షేపణ: ఇది ఇంట్లో చేసే పని కాదు, ప్రమాదం.

ఈ ఆక్షేపణకు సగం తల వంచుతాను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరినవాడు ఎంత పండితుడైనా మూర్ఖుడే. మేము ఇంటి ముందు గచ్చు మీద బండిని నిలిపి, వెనుక చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి, ముందు భాగాన్ని ఎత్తి, రెండు వైపులా ఇనుప స్టాండ్ల మీద దించాము. బండిని గట్టిగా కుదిపి చూసిన తరువాతనే కిందికి వెళ్లాము. ఇటుకలు, రాళ్లు పేర్చడం స్టాండ్లకు ప్రత్యామ్నాయం కాదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

తక్కిన సగానికి తల వంచను. పనిలో మంత్రతంత్రాలేమీ లేవు, క్రమం ఉన్నది. బ్యాటరీ మైనస్ తీగ తీయడం, నూనె దించడం. క్లచ్ కేబులు, స్పీడోమీటరు కేబులు, రివర్సు దీపపు తీగ, స్టార్టరు మోటారు విప్పడం. కింద గేరు కడ్డీ విడదీయడం. ముందు చక్రాలకు పోయే రెండు డ్రైవ్ షాఫ్టులను పెట్టెలో నుండి లాగడం. గేరుబాక్సు పక్కనున్న బిగింపు తీస్తే ఇంజను ఒక వైపుకు ఒరుగుతుంది గనుక దానికి ముందే కింద చెక్క పెట్టి ఊతం ఇవ్వాలి. అప్పుడు ఇంజనుకూ పెట్టెకూ నడుమ బోల్టులు. అవి కూడా వచ్చాక పెట్టెను వంచకుండా నేరుగా పక్కకు లాగాలి. బరువంతా షాఫ్టు మీద వేలాడనిస్తే క్లచ్ ప్లేటు వంగిపోతుంది. ఇద్దరు మనుషులు ఆనిపట్టగల బరువే. ప్రతి బోల్టునూ అది వచ్చిన చోటి పేరు రాసిన కాగితం మీద పెట్టాను. ఈ ఒక్క పనిలో మాత్రం మేస్త్రీ నన్ను మెచ్చుకున్నాడు.

పెట్టె దిగినప్పుడే క్లచ్ ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజ్ బేరింగు, కారుతున్న సీలులు మార్చాలి. వాటిని ఇప్పుడు మిగిల్చి, ఆరు నెలలకు మళ్లీ పెట్టె దించేవాడే అసలు దుబారా మనిషి. ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యన లేకపోతే షాఫ్టు లోపలికి పోదు. గంటసేపు చెమటలు కక్కినా పోదు. మేస్త్రీ తన దగ్గరున్న పాత షాఫ్టు ముక్కను దూర్చి ప్లేటును కుదిర్చాక పెట్టె ఒక్క ఊపులో కూర్చున్నది. చివరికి పక్క రంధ్రపు అంచుదాకా నూనె పోసి, చక్రాలు గాలిలో ఉండగానే అన్ని గేర్లూ వేసి చూసి, ఆ తరువాత నేలకు దించాము. ముగ్గురు మనుషులు, రెండు రోజులు.

అయిదవ ఆక్షేపణ: తెలుగు పండితునికి తగిన పని కాదు.

దీనిని పైకి అన్నది ఒక్కరే. మనసులో అనుకున్నవారు చాలామంది. వారికి కోపంతో సమాధానం చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఈ మాటను ఈ ఊళ్లలో నాటినవారిలో నేనూ ఒకణ్ణి. ఛందస్సు రాని పిల్లవాణ్ణి నిలబెట్టి, "నీకు షెడ్డులో స్పానర్లు అందించే పనే గతి" అని తరగతి నిండా నవ్వించిన రోజులు నాకు జ్ఞాపకమున్నాయి. పైన చెప్పిన మేస్త్రీ అటువంటి తరగతిలో కూర్చున్నవాడే. పదవ తరగతిలో తెలుగు తప్పాడు. ఆ ఏడు తెలుగు చెప్పినది నేను.

బండి కింద నేను స్పానర్లు అందిస్తుంటే అతడేమీ గుర్తుచేయలేదు. పద్నాలుగు నంబరు అడిగితే పన్నెండు ఇచ్చాను. "అది గాదయివోరా, దాని పక్కది" అన్నాడు, అంతే. రెండోసారి పొరబడినప్పుడు కూడా అదే గొంతుతో అదే మాట. నేను ముప్పై ఏళ్లలో ఎంతమందికి రెండోసారి అదే గొంతుతో చెప్పి ఉంటానో లెక్కపెట్టుకొని ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. గణవిభజన తప్పితే పద్యం కుంటుతుంది. గేరు పన్ను విరిగితే లోయలో పడతాము. ఈ రెండింటిలో ఏది విద్య, ఏది కూలి అని విభజించినవారు రెండింటినీ ఎరగనివారు. అప్పుడు నేను ఒకదానినే ఎరుగుదును.

ఇక సిద్ధాంతం.

అరిగిన భాగాన్ని మార్చుకోవడం యజమాని హక్కు. ఇది నా పైత్యం కాదు. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయడం లేదని 14 కార్ల కంపెనీలకు మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో రెండువేల అయిదువందల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆ తీర్పు మీద పోరాటానికి దిగాయి. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటు వేసి మరీ కార్ల మరమ్మతు హక్కును చట్టం చేయించుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కుకోసం ఒక సంఘాన్ని వేసి, ఆ డిసెంబరులో ఒక వెబ్‌సైటు కూడా తెరిచింది. మోటారు వాహనాలు అందులో చేరాయి. వెబ్‌సైటు మంచిదే. దాని వల్ల పాకాల షెడ్డుకు ఒక సింక్రో రింగు విడిగా వచ్చిన రోజున ఇంకా మంచిదంటాను. పెట్టె మొత్తం కొను, లేకుంటే బండి మొత్తం కొను అనే వ్యాపారం, ఒక అక్షరం చెరిగితే నిఘంటువు మొత్తం కొనమనడం వంటిది.

చివరి మాట మన బ్లాగరులకు, నాతో కలిపి. గేరుకు తెలుగులో ఏమనాలి, క్లచ్‌కు ఏమనాలి అని మనం ఎన్ని రాత్రులు వాదించుకున్నాము! నేనూ ఒకప్పుడు "వేగ పరివర్తన పేటిక" అని ఒక సమాసం చేసి మురిసిపోయినవాణ్ణే. ఆ పేటికను ఎలా దించాలో, ఎలా ఎక్కించాలో తెలుగులో క్రమంగా రాసిన పుట కోసం నేను వెదికితే నాకు ఒక్కటీ దొరకలేదు. ఆ విద్య తెలుగులోనే ఉన్నది. షెడ్డులలో, నూనె మరకల చేతులలో, నోటి మాటగా ఉన్నది. చెప్పేవారికి రాసే అలవాటు లేదు. రాసేవారికి అడిగే అలవాటు లేదు. మీ ఊరి మేస్త్రీ దగ్గర, దర్జీ దగ్గర, పంపుసెట్టు బాగుచేసేవాని దగ్గర ఒక పూట కూర్చొని, వారి మాటలను వారి మాటలుగానే రాయండి. సమాసాలు తరువాత చేసుకోవచ్చు.

పని ముగిసిన వారం తరువాత కొండకు వెళ్లి, మొదటి కనుమదారిలోనే దిగాము. ఈసారి మేస్త్రీని కూడా రమ్మన్నాను. నా భార్య ముందు సీటు అతనికి ఇచ్చి తాను మనుమరాలితో వెనుక కూర్చున్నది. కడ్డీ మీద నుండి నేను చేయి తీశాను. రెండో గేరు అలిపిరి దాకా నిలిచింది.